బరువుతో దిగే ఏటీవీ: ఫోర్ వీల్ డ్రైవ్ ఎంపికలో నా అనుభవం

ఏటీవీ, అంటే పొలాల్లోనూ అడవి దారుల్లోనూ తిరిగే లావు టైర్ల నాలుగు చక్రాల బండి, అనగానే అందరూ అడిగేది ఎన్ని సీసీ అని. నా వెతుకులాట కూడా అక్కడే మొదలైంది. చేయాల్సిన పనులన్నీ బరువులతో సహా కాగితం మీద రాసుకున్నాక ఆ ప్రశ్న నాలుగో స్థానానికి జారిపోయింది. వారంలో నాలుగైదు రోజులు వాలు నేల మీద మందు కొట్టడం, కంచె గుంజలూ కట్టెలూ ట్రెయిలర్‌లో లాగడం, సెలవు రోజున అడవిలోని మట్టి బాటల (ట్రయిల్) మీద ముప్పై నలభై కిలోమీటర్లు తిరగడం. ఈ మూడింటిలో ఇంజిన్ బలం చాలని సందర్భం దాదాపు లేదు. 400 సీసీ దాటిన మంచి యంత్రం ఏదైనా ఆ బరువును పైకి చేరుస్తుంది. చిక్కంతా అదే బరువుతో కిందికి దిగేటప్పుడు. అందుకే ప్రతి యంత్రాన్నీ ఒకే ప్రశ్నతో చూశాను: నిండు బరువుతో, తడిసిన వాలు మీద, బ్రేకు ముట్టుకోకుండా ఇది నెమ్మదిగా దిగుతుందా?

ముందు బరువు లెక్క. ఒకే మనిషి కూర్చునే ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీల్లో చాలావాటికి మొత్తం మోత పరిమితి 220 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. నడిపే మనిషి బరువూ అందులోదే. నా లెక్క ఇలా వచ్చింది: మనిషి 80, హెల్మెట్, బూట్లు 5, 60 లీటర్ల మందు ట్యాంకు పంపుతోనూ చట్రంతోనూ కలిపి 72, పనిముట్ల పెట్టె 10, ట్రెయిలర్ కొక్కెం మీద పడే బరువు 30. ఇంతవరకు 197. దీనికి విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) 15, ముందు బంపర్ 12 కలిపితే 224. కంపెనీ బిగించని ప్రతి ఇనుప ముక్కా మోతలో భాగమే అని ఇక్కడ తెలిసొస్తుంది. ఇంకో మెలిక ఉంది. వెనక ర్యాక్ పరిమితి 80 నుంచి 90 కిలోలు. ట్రెయిలర్ కొక్కెం మీది బరువును కూడా వెనక ర్యాక్ మోతలో కలిపి లెక్కించాలి. ట్యాంకు 72, కొక్కెం 30 కలిస్తే 102. అంటే మందు ట్యాంకు ఉన్న రోజు ట్రెయిలర్ లేదు, ట్రెయిలర్ ఉన్న రోజు ట్యాంకు లేదు. ఈ సంగతి కొనకముందే తేలడం వల్ల రెండు పనులూ ఒకే రోజు పెట్టుకునే ఆలోచన మానేశాను.

లాగే బరువు కింద రాసే 400, 500, 600 కిలోల అంకెలు చదునైన నేలకు. మామూలు చిన్న ట్రెయిలర్లకు సొంత బ్రేకులు ఉండవు కాబట్టి దిగేటప్పుడు ట్రెయిలర్ బండిని వెనకనుంచి నెడుతుంది. మలుపులో నెడితే వెనక చక్రాలు పక్కకు జారి, బండీ ట్రెయిలరూ కత్తెరలా ముడుచుకుంటాయి. వాలు మీద ఆ అంకెలో సగమే నా పరిమితి. సరుకును ట్రెయిలర్ ఇరుసుకు కాస్త ముందుకు సర్ది, మొత్తం బరువులో పదో వంతు కొక్కెం మీద పడేలా చూడాలి. అంతకంటే తక్కువైతే ట్రెయిలర్ తోక ఆడిస్తుంది. మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు మాట వినదు.

ఇక అసలు విషయం, ట్రాన్స్‌మిషన్. ఎక్కువ ఏటీవీల్లో ఉండేది బెల్టు మీద నడిచే సీవీటీ. ఇంజిన్ వైపు ఒక పుల్లీ, చక్రాల వైపు ఒక పుల్లీ, మధ్యలో వెడల్పాటి రబ్బరు బెల్టు. ఇంజిన్ వేగం పెరిగితే మొదటి పుల్లీలోని బరువులు బయటికి విసురుకుని దాని రెండు పళ్లేలను దగ్గరికి నెడతాయి, బెల్టు పట్టుకుంటుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్) వదిలేస్తే పళ్లేలు విడిపోతాయి. సాదా అమరికలో వేగం బాగా తగ్గాక బెల్టు పట్టు పూర్తిగా వదులుతుంది. ఆ క్షణం నుంచి ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధం ఉండదు, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారుతుంది. థ్రాటిల్ కాస్త ఇస్తే బెల్టు మళ్లీ పట్టుకుంటుంది. కానీ కిందికి జారిపోతున్నప్పుడు థ్రాటిల్ నొక్కాలని ఎవరికి తోస్తుంది? చెయ్యి బ్రేకు మీదికే పోతుంది, చక్రాలు బిగుసుకుంటాయి, తడి మట్టి మీద స్లెడ్జి బండిలా జారడం మొదలవుతుంది.

దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. యమహా అల్ట్రామాటిక్‌లో బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. కదలికను కలిపీ విడదీసే పని ఇంజిన్ వేగం పెరిగితే తనంతట తానే పట్టుకునే వేరే సెంట్రిఫ్యూగల్ క్లచ్‌ది, దాని పక్కన ఒకే దిక్కుకు తిరిగే స్ప్రాగ్ క్లచ్ ఉంటుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పబోతే స్ప్రాగ్ బిగుసుకుని ఆ వేగాన్ని ఇంజిన్ మీదికి మళ్లిస్తుంది, అదే బ్రేకు. హోండా రాంచర్, ఫోర్‌మన్ లాంటివాటిలో బెల్టే లేదు, అన్నీ గేర్లు. మొదటి గేరులో దింపితే ఇంజిన్ పట్టు తప్పదు. అయితే గేర్లున్న మోడళ్లన్నిటికీ విడిగా లో రేంజి, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు అమరిక, ఉండదు, కాబట్టి మొదటి గేరు ఎంత నెమ్మదిగా తీసుకెళ్తుందో నడిపి చూడాలి. మంచి మోటారుసైకిల్ నడిపిన చేతికి గేర్లు సులువే. కానీ మందు కొట్టేటప్పుడు ఒక చెయ్యి గొట్టం మీద ఉంటుంది, నిమిషానికోసారి ఆగి కదలాలి. అక్కడ బెల్టు హాయి.

బెల్టు కాలిపోవడం గురించి చాలామంది భయపెడతారు. అందులో యంత్రం తప్పు తక్కువ, రేంజి తప్పు ఎక్కువ. హై రేంజిలో బరువు లాగుతూ నెమ్మదిగా పోతే పుల్లీ పళ్లేలు సగమే మూసుకుంటాయి, బెల్టు వాటి మధ్య జారుతూ వేడెక్కుతుంది. ముందు కాలిన రబ్బరు వాసన, తర్వాత బెల్టు అంచులకు గాజులాంటి నునుపు. ఆ నునుపు వచ్చాక ఇంకా ఎక్కువ జారుతుంది. ఒకే చోట నిలబడి జారితే ఆ ముక్కలో బెల్టు నడుము సన్నబడి, తర్వాత కదిలిన ప్రతిసారీ బండి కుదుపుతుంది. గంటకు 11, 12 కిలోమీటర్ల కంటే నెమ్మదిగా చేసే పని ఏదైనా లో రేంజిలోనే. ట్రెయిలర్ తగిలిస్తే లో, వాలు ఎక్కితే లో, బురదలో ఇరుక్కుంటే లో. కొత్త బెల్టుకు మొదటి 50, 80 కిలోమీటర్లు మెత్తగా నడపాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ అన్న మాట అన్ని యంత్రాలకూ ఒకటే రాసి ఉన్నా లోపల పని వేరు. కొన్నిటిలో బటన్ నొక్కితే ముందు ఇరుసు గట్టిగా కలిసిపోతుంది. పొలారిస్ పద్ధతిలో బటన్ నొక్కినా ముందు చక్రాలు వెంటనే లాగవు. వెనక చక్రాలు జారి ముందువాటికంటే వేగంగా తిరిగినప్పుడే లోపలి రోలర్లు ఇరుక్కుని రెండు ముందు చక్రాలకూ సమానంగా శక్తి వెళ్తుంది. ట్రయిల్ మీద ఇది చాలా బాగుంటుంది, స్టీరింగు తేలిక, మలుపులో కట్టేసినట్టు ఉండదు. దిగేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. ఆ రోలర్లు ఒక దిక్కుకే పట్టుకుంటాయి కాబట్టి సాదా మోడళ్లలో ఇంజిన్ బ్రేకింగు వెనక చక్రాలకే పరిమితం. నాలుగింటికీ కావాలంటే ఏడీసీ అనే దిగుడు నియంత్రణ ఉన్న మోడల్ చూసుకోవాలి. కాన్-ఆమ్ అవుట్‌ల్యాండర్‌లో చాలా మోడళ్లకు ముందు విస్కో-లాక్ ఉంటుంది. ఒక చక్రం కాస్త తిరిగాక లోపలి చిక్కటి ద్రవం ఒత్తిడి పెంచి రెండోదాన్ని కలుపుతుంది, ఆ కాస్త ఆలస్యానికి చెయ్యి అలవాటు పడాలి. ముందు డిఫరెన్షియల్‌ను, అంటే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టెను, పూర్తిగా బిగించే డిఫ్ లాక్ ఉంటే ఒక చక్రం గాలిలో ఉన్నా రెండోది లాగుతుంది. కానీ దాన్ని వేసి ఉంచితే స్టీరింగు బండరాయిలా బిగుస్తుంది. ఇరుక్కున్న పది అడుగులకే వాడి తీసేయాలి. డిఫ్ లాక్ ఉన్న యంత్రానికి పవర్ స్టీరింగ్ లేకపోతే కొనవద్దనే చెబుతాను. రాయి తగిలినప్పుడు హ్యాండిల్ ఒక్కసారిగా విదిలించడాన్ని కూడా పవర్ స్టీరింగే మింగుతుంది, సాయంత్రానికి మణికట్లు ఉంటాయి.

వెనక ఇరుసు విషయంలో నా అభిప్రాయం రెండుసార్లు మారింది. 1986లో హోండా తెచ్చిన ఫోర్‌ట్రాక్స్ 350 ఫోర్ వీల్ డ్రైవ్ కాలం నుంచి పని యంత్రాలకు వెనక ఒకే ముక్క ఇరుసు ఉంటూ వస్తోంది, ఇప్పటికీ ఉంది. కాగితం మీద చూస్తే అది వెనకబడినట్టే. ఇరుసు మధ్యలో నేలకు ఎత్తు ఆరేడు అంగుళాలే, అదే విడివిడి సస్పెన్షన్ ఉన్నవాటికి పది నుంచి పన్నెండు. కానీ బరువు వేసి టేపు పెట్టి కొలిస్తే కథ మారుతుంది. ఒకే ముక్క ఇరుసు ఎత్తు టైరు మీదే ఆధారపడుతుంది కాబట్టి 80 కిలోలు వేసినా దాదాపు అంతే. విడివిడి సస్పెన్షన్‌లో స్ప్రింగులు కుంగి 11 అంగుళాలు కాస్తా ఎనిమిదిన్నరకు వచ్చాయి, మనిషి కూర్చోకముందే. పైగా పక్కవాలు మీద బరువుతో ఒక వైపుకు ఒరిగే గుణం దీనిలో ఎక్కువ, వెనక ఇరుసు కీళ్లను, వాటి గ్రీజును కప్పి ఉంచే రబ్బరు తొడుగులు (బూట్లు) నాలుగు అదనం. పూర్తిగా పనికే అయితే ఒకే ముక్క ఇరుసు తీసుకుని ఉండేవాడిని. ట్రయిల్ మీద మాత్రం రాళ్లలోనూ చక్రాల గాడుల్లోనూ అది నడుముకు దెబ్బ, మధ్య గట్టును గీసుకుంటూ పోతుంది. చివరికి విడివిడి సస్పెన్షన్ వైపే మొగ్గి, వెనక స్ప్రింగుల ప్రీలోడ్‌ను, అంటే ముందస్తు బిగువును, రెండు మెట్లు బిగించుకున్నాను. ఆ మెట్లు తిప్పే రెంచి బండితో వచ్చే పనిముట్ల సంచిలోనే ఉంటుంది. ట్యాంకు ఎక్కించే రోజు బిగించడం, ట్రయిల్ రోజు వదలడం ఐదు నిమిషాల పని.

వెడల్పు, సీటు ఎత్తు తొందరగా తేలిపోతాయి. అమెరికా జాతీయ అడవుల్లో చాలా ట్రయిళ్లకు 50 అంగుళాల వెడల్పు హద్దు. మామూలు ఏటీవీలు 46 నుంచి 48 అంగుళాల్లో ఉంటాయి కాబట్టి సరిపోతాయి, బయటికి పొడుచుకొచ్చే చక్రాలు బిగిస్తే దాటిపోతాయి. సీటు మీద కూర్చుని హ్యాండిల్‌ను పూర్తిగా ఒక వైపు తిప్పినప్పుడు బయటి చెయ్యి మోచేతి దగ్గర ఇంకా కాస్త వంగి ఉండాలి. చాచుకుపోతే ఆ యంత్రం మీకు పెద్దది.

నడిపి చూడటానికి అమ్మేవాళ్లు చదునైన మైదానం చూపిస్తారు. అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. వాలు అడిగి, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు మూడు వెనక ర్యాక్ మీద కట్టి పరీక్షించాను. పైన పూర్తిగా ఆగి, లో రేంజి, ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, థ్రాటిల్ వదిలి, బ్రేకు దగ్గర వేళ్లు ఉంచి ముట్టుకోకుండా దింపాలి. 15 డిగ్రీల వాలు మీద గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గర వేగం నిలిస్తే మంచిది. మొదట నిలిచి సగం దారిలో ఒక్కసారిగా వదిలేస్తే అది బెల్టు పట్టు తప్పడం. అదే వాలు మీద రివర్సులో కూడా దింపాలి, ఎందుకంటే ఎక్కలేక మధ్యలో ఆగినప్పుడు వచ్చే అవసరం అదే. డబ్బాలు నిండుగా ఉండాలి. సగం నీళ్లున్న డబ్బా, సగం నిండిన ట్యాంకు మలుపులో బరువును ఒక పక్కకు విసురుతాయి. మందు ట్యాంకు కొనేటప్పుడు లోపల అడ్డుపలకలు ఉన్నదే తీసుకోవడం ఇందుకే.

నేను తీసుకున్నది వాడినది కాబట్టి లోపల చూడటానికి ఒక పూట పట్టింది. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టాలి. చల్లగా లేకపోతే ముందే వేడి చేసి ఉంచారన్నమాట, మొదటి స్టార్టు ఎలా ఉందో తెలియదు. మీటరులో కిలోమీటర్లను గంటలతో భాగించాలి. 300 గంటలకు 6,000 కిలోమీటర్లయితే సగటు 20, అది ట్రయిల్ బండి. 300 గంటలకు 2,900 అయితే పది లోపు, అది బరువు పని బండి. దాని బెల్టు, ఫ్యాను, వెనక బేరింగులు ఎక్కువ పరీక్షగా చూడాలి. ముందు భాగాన్ని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. టక్కుమంటే చక్రం బేరింగో బాల్ జాయింటో పోయింది. వేలు ఆ జాయింటు మీద పెట్టి ఊపితే ఏదో తెలిసిపోతుంది.

రబ్బరు బూట్లను బయటినుంచి చూస్తే చాలదు. ముడతల మధ్యలో, లోపలి చివర దగ్గర సన్నగా చీలుతాయి. చేత్తో ముడతను విప్పి టార్చి వేసి చూడాలి. పక్కనున్న సస్పెన్షన్ ఆర్మ్ మీద నల్లగా చిమ్మిన గ్రీజు మరక ఉంటే బూటు ఎప్పుడో చినిగింది, లోపలికి ఇసుక పోయి ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపితే టకటకమని వినిపించేది ఆ అరుగుదలే. నేను చూసిన ఒక బండికి కొత్త ప్లాస్టిక్కులు, మెరిసే టైర్లు, నాలుగు బూట్లలో రెండు చినిగినవి.

తర్వాత ఎయిర్ ఫిల్టరు. దాన్ని తీసి, ఇంజిన్ వైపు పోయే గొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడవాలి. గుడ్డకు మట్టిరంగు పొడి అంటితే ఫిల్టరు దాటి దుమ్ము ఇంజిన్లోకి వెళ్లింది, పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి. ఇంకేమీ చూడక్కర్లేదు, వెనక్కి తిరగడమే. డిఫరెన్షియల్ నూనెను రెండు చుక్కలు వదిలి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. డ్రెయిన్ బిరడా అయస్కాంతం మీద మెత్తటి పేస్టు మామూలే, గోటికి తగిలే ముక్క ఉంటే గేరు పన్ను విరిగింది. ఫోర్ వీల్ డ్రైవ్‌ను పరీక్షించడానికి, బండి ముందు చక్రాలను మెత్తటి మట్టి గట్టుకు ఆనించి లో రేంజిలో కొద్దిగా థ్రాటిల్ ఇస్తే నాలుగు చోట్లా మట్టి తవ్వాలి. ఆఖరికి ఇంజిన్‌ను ఆపకుండా ఫ్యాను తిరిగేదాకా ఆగాలి. బురద రేడియేటర్ రెక్కల్లో ఎండి బిగిసిన బండ్లు ఇక్కడే దొరికిపోతాయి.

ఇవన్నీ దాటింది ఒక యమహా గ్రిజ్లీ 700. 686 సీసీ, ఒకే సిలిండరు, ముందు ర్యాక్ 50 కిలోలు, వెనక 90, లాగే పరిమితి 600. నాకు అంత ఇంజిన్ అవసరం లేదు. స్ప్రాగ్ క్లచ్, డిఫ్ లాక్, పవర్ స్టీరింగ్ మూడూ ఒకే చోట దొరికాయి కాబట్టి తీసుకున్నాను.

విన్చ్ దగ్గర ఒక మాట. బండి బరువుకు ఒకటిన్నర రెట్లు అని చెబుతారు. ఆ బరువులో మనిషినీ మోతనూ కలపాలి. సుమారు 315 కిలోల బండి, 220 కిలోల మోత కలిపి 535, ఒకటిన్నర రెట్లు 800. 2,500 పౌండ్ల విన్చ్, అంటే 1,134 కిలోలది, సరిపోతుంది. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి చుట్టుకే, పై చుట్టుల్లో తగ్గుతూ పోతుంది కాబట్టి తాడును వీలైనంత బయటికి లాగి వాడాలి. సింథటిక్ తాడు వేస్తే రోలర్ల బదులు నున్నటి అల్యూమినియం గైడు బిగించాలి. పాత ఇనుప తీగ గీసిన రోలర్ల అంచులు సింథటిక్ పోగులను కోసేస్తాయి. బరువు మీద విన్చ్ వంద ఆంపియర్లు దాటి తాగుతుంది, ఇంజిన్‌కున్న స్టేటర్ (కరెంటు పుట్టించే భాగం) ఇచ్చేది ముప్పై నలభై. మిగతాదంతా బ్యాటరీదే. ఇంజిన్ నడుస్తూ ఉండాలి, నిమిషం లాగి కాసేపు ఆపాలి.

టైర్ల గాలి 5 పీఎస్‌ఐ దగ్గర. కారు గేజి ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపదు, 0 నుంచి 15 వరకు కొలిచే చిన్న గేజి వేరేగా కొనాలి. ఎడమా కుడీ ఒక పీఎస్‌ఐ తేడా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది. 25 అంగుళాల టైర్లున్న బండికి 27 వేస్తే నేలకు ఎత్తు పెరిగేది ఒక అంగుళం. గేరింగు మాత్రం 8 శాతం పొడుగవుతుంది, ఆ భారం బెల్టు మీదా, దిగేటప్పుడు ఇంజిన్ పట్టు మీదా పడుతుంది. నేను కంపెనీ సైజే ఉంచాను.

వాగు దాటాక చేయాల్సింది ఒకటుంది. వేడి డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, ఊపిరి గొట్టం చివర నుంచి నీళ్లు పీలుస్తుంది. ఆ గొట్టాల చివరలు హ్యాండిల్ దగ్గరి దాకా వెళ్లాయో లేదో చూసుకోవాలి, ఊడి కిందకి వేలాడుతుంటే తిరిగి కట్టాలి. బెల్టు పెట్టెలోకి నీళ్లు పోతే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. కింది బిరడా తీసి నీళ్లు వదిలి, న్యూట్రల్‌లో రెండు మూడు నిమిషాలు ఇంజిన్ వేగం పెంచి తగ్గిస్తే ఆరిపోతుంది.

రక్షణ విషయంలో రాజీ లేదు. ఒక సీటు యంత్రం మీద రెండో మనిషిని ఎక్కించకూడదు. వెనక కూర్చున్న బరువు ఎక్కేటప్పుడు బండిని వెనక్కి తిరగేస్తుంది. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి కొత్త పని ఏటీవీలన్నిటికీ బండి తిరగబడితే మనిషి నలగకుండా కాపాడే చట్రం తప్పనిసరి చేశారు. మూడు వందల కిలోల ఇనుము ఛాతీ మీద పడితే ఊపిరి ఆడదు, ఒంటరిగా పని చేసేవాళ్లకు లేపేవాళ్లు ఉండరు. వెనక కొక్కేనికి బిగించే అలాంటి చట్రం నా బండికీ పెట్టాను. దాని బరువూ మోత లెక్కలో కలిసింది, పనిముట్ల పెట్టె దిగిపోయింది, ట్యాంకును కూడా ఇప్పుడు 50 లీటర్లకే నింపుతున్నాను.

బిగింపులన్నీ అయ్యాక మొదటి 20 గంటలకు చక్రాల నట్లు, ర్యాకు బోల్టులు, విన్చ్ పలక బోల్టులు మళ్లీ బిగించాను. మూడు వదులయ్యాయి, మూడూ విన్చ్ పలకవే. వంద గంటల తర్వాత బ్రేకు ప్యాడ్లు తీసి చూస్తే వెనకవి దాదాపు అరగనే లేదు.